సెరామిక్స్, గ్లాస్ మీద రీసెర్చ్ పనికొస్తుందా? అంచుల మీద చేస్తే పనికొస్తుంది

అడిగిన ప్రశ్న: “పీహెచ్‌డీ సీటు వచ్చింది. ఎనర్జీ, పర్యావరణం కోసం సెరామిక్, గ్లాస్ మెటీరియల్స్ అని టాపిక్ ఇచ్చారు. వీటి మీద యూనివర్సిటీల్లో చేసే రీసెర్చ్ నిజంగా ఎక్కడైనా వాడతారా, లేక పేపర్లు రాసుకోడానికేనా?”

వాడతారు, అందులో అనుమానం అక్కర్లేదు. కాకపోతే అందరూ చేసే పని కాదు వాడుకలోకి వెళ్లేది. నేను సాలిడ్ ఆక్సైడ్ ఫ్యూయల్ సెల్స్‌లో, అంటే హైడ్రోజన్ లాంటి ఇంధనం నుంచి నేరుగా కరెంటు తీసే సెరామిక్ సెల్స్‌లో పెట్టే గ్లాస్ సీల్స్ మీద పీహెచ్‌డీ చేశాను. ఆ అనుభవంతో ఒక్క మాట గట్టిగా చెప్తా, ఈ మెటీరియల్స్ మధ్యలో పాడవ్వవు, అంచుల్లో పాడవుతాయి. రెండు మెటీరియల్స్ అతుక్కునే చోట, గాలి తగిలే చోట, నీళ్లు తగిలే చోట. అక్కడ కూర్చుని ఓపిగ్గా చూసే రీసెర్చే అసలు రీసెర్చ్. కొత్త కాంపోజిషన్ ఒకటి కలిపేసి, ఫర్నేస్‌లో పెట్టి తీసి, ఒక ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో ఏ పదార్థమో తేల్చే పరీక్ష) గ్రాఫ్, రెండు ఎస్‌ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫొటోలు వేసి, టైటిల్ చివర ‘ఎనర్జీ అప్లికేషన్స్ కోసం’ అని తగిలించే పేపర్లు వేలల్లో ఉన్నాయి, వాటిలో చాలావాటిని రాసినవాళ్లే మళ్లీ తెరిచి చూడరు.

ఈ ఫ్యూయల్ సెల్‌లో ఎలక్ట్రోలైట్ అంటే పల్చటి జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్ అనే సెరామిక్) ప్లేటు, సాధారణంగా అందులో 8 మోల్ శాతం యిట్రియా (యిట్రియం ఆక్సైడ్) కలుపుతారు, 700, 800 డిగ్రీల వేడిలో ఆక్సిజన్ అయాన్లు దాని గుండా వెళ్తాయి. ఒకవైపు హైడ్రోజన్, ఇంకోవైపు గాలి. మంట లేకుండానే కరెంటు వస్తుంది, అదే సెల్‌ని తిరగేసి నడిపితే నీటి ఆవిరి నుంచి హైడ్రోజన్ వస్తుంది. వినడానికి బాగుంటుంది కదా, కానీ ఆ హైడ్రోజన్, గాలి కలవకుండా ఆపేది ఎవరు? చుట్టూ అంచున పెట్టిన సన్నటి గాజు పట్టీ. అది ఒకపక్క జిర్కోనియాని, ఇంకోపక్క సెల్స్‌ని కలిపే స్టీల్ ప్లేటుని పట్టుకుని ఉండాలి, వేడెక్కినా చల్లారినా వదలకూడదు. లెక్క చూడండి, 10 సెంటీమీటర్ల జిర్కోనియా ప్లేటు 800 డిగ్రీలు చల్లారితే సుమారు 0.84 మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది, అక్కడ వాడే స్టీల్ సుమారు 0.96. మధ్యలో ల్యాబ్ బీకర్లు చేసే బోరోసిలికేట్ గాజు పెడితే అది కుంచించుకునేది 0.26 మాత్రమే, ఇంకేముంది, పగిలి ఊడొస్తుంది. అందుకే బేరియం, కాల్షియం కలిపిన అల్యూమినోసిలికేట్ గాజు తీసుకుంటారు, దాని వ్యాకోచం స్టీల్‌కి దగ్గరగా వస్తుంది కాబట్టి.

మా ల్యాబ్‌లోనూ అదే గాజు. కరిగించి, నీళ్లలో పోసి, పొడి కొట్టి, పేస్ట్ చేసి, జిర్కోనియాకి స్టీల్‌కి మధ్య పూసి కాల్చి సీల్ చేశాం. కాల్చిన వెంటనే లీక్ టెస్ట్ పెడితే బంగారంలా ఉంది, గ్యాస్ చుక్క కూడా బయటికి రాలేదు. పక్క గ్రూప్ వాళ్లయితే అక్కడితో పేపర్ రాసేవాళ్లు. మా గైడ్ మాత్రం ఒప్పుకోలేదు, “దీన్ని ఫర్నేస్‌లో అలాగే ఉంచమ్మా, నేను చెప్పేదాకా తీయకు” అన్నారు. వారాలు గడిచాయి. ఆ ఫర్నేస్ ఖాళీ కాలేదని మిగతా స్టూడెంట్లు నా మీద విసుక్కున్నారు, “అక్కా, ఇంకెన్నాళ్లు దాన్ని వేడి చేస్తూ కూర్చుంటావు” అని ఒక జూనియర్ అయితే మొహం మీదే అనేశాడు.

చివరికి మేడమ్ తీయమన్నారు. రాత్రంతా నెమ్మదిగా చల్లార్చి పొద్దున్నే తలుపు తీస్తే పైకి ఏ తేడా లేదు, సీల్ ఉన్నచోట ఉంది. కానీ బయటికి తీయడానికి ప్లేటు అంచు పట్టుకోగానే స్టీల్ ఒక చేతిలో, జిర్కోనియా ఒక చేతిలో వచ్చేశాయి. బలం ఏమీ పెట్టలేదు. స్టీల్ మీద చుట్టూ అంచు వెంబడి సన్నటి పసుపు గీత, పుప్పొడి రాసినట్టు. నేను ఇంకా దగ్గరగా చూడబోతుంటే మేడమ్ వెనక నుంచి “ఆగమ్మా, గ్లవ్స్, మాస్క్ లేకుండా అది గీకకు” అన్నారు. తర్వాత ఆవిడే లెన్స్ తెచ్చి చాలాసేపు చూసి, “మధ్యలో పసుపు లేదు, గమనించావా? గాలి తగిలిన చోటే ఉంది” అన్నారు.

నిజంగా అంతే. సీల్ లోపల ఎక్కడా పసుపు లేదు, గాజు మామూలుగానే ఉంది. ఎక్స్‌ఆర్‌డీలో బేరియం క్రోమేట్ అని తేలింది. స్టీల్‌లో ఉండే క్రోమియం, గాజులో ఉండే బేరియం, బయటి గాలిలో ఉండే ఆక్సిజన్, ఈ మూడూ కలిసేది అంచులోనే, అందుకే అక్కడే పుట్టింది. ఆ బేరియం క్రోమేట్ వ్యాకోచం గాజు కంటే చాలా ఎక్కువ, దాదాపు రెట్టింపు, కాబట్టి వేడిలో ఉన్నంతసేపు గమ్మున ఉండి చల్లారేటప్పుడు గాజుని స్టీల్ నుంచి లాగేసింది. పైగా అది హెక్సావాలెంట్ క్రోమియం, ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ తెచ్చే రకం. పర్యావరణం కోసం చేసే సెల్‌లో ఇలాంటిది పుడుతోందంటే చూడకుండా వదిలేస్తామా? ఆ తర్వాత స్టీల్ అంచు మీద ముందే అల్యూమినియం పట్టించి కాలిస్తే దాని మీద అల్యూమినా పొర ఏర్పడి క్రోమియం బయటికి రావడం బాగా తగ్గింది, పసుపు గీత దాదాపు పోయింది, సీల్ నిలబడింది. ఇది మేం కనిపెట్టింది కాదు, ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లకి తెలిసిన మార్గమే, కానీ మా గాజుతో అంతకాలం ఉంచి చూసినవాళ్లు లేరు.

దాన్ని పేపర్ రాసి పంపితే రివ్యూయర్ ఏమన్నారో తెలుసా, కొత్తదనం లేదట! కాంపోజిషన్ కొత్తది కాదు కదా అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మూడు నెలలకో కొత్త కాంపోజిషన్ కావాలి, ఒకే శాంపిల్‌ని నెలల తరబడి వేడిలో ఉంచితే మాత్రం విలువ లేదు. మరి ఫ్యూయల్ సెల్ పెట్టుకున్నవాడు దాన్ని ఏళ్ల తరబడి నడపాలా, మూడు గంటలు నడిపి ఆపేయాలా? పీహెచ్‌డీకి ఇన్ని పేపర్లు ఉండాలి అని లెక్క పెట్టే పద్ధతి ఉన్నంతకాలం స్టూడెంట్లు అంచుల జోలికి రారు, నేను వాళ్లని తప్పు పట్టను.

ఒక్క ఫ్యూయల్ సెల్సే కాదు. ఎల్‌ఎల్‌జెడ్‌ఓ అనే లిథియం గార్నెట్ సెరామిక్ ఉంది, మురుగన్, తంగదురై, వెప్నర్ అనే శాస్త్రవేత్తలు 2007లో బయటపెట్టారు, లిథియం అయాన్లని బాగా పోనిస్తుంది కాబట్టి మంటపట్టే ద్రవం లేని బ్యాటరీ వచ్చేసినట్టే అని అందరూ సంబరపడ్డారు. తర్వాత చూస్తే గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ తగిలి దాని పైన లిథియం కార్బోనేట్ పొర పడుతోంది, లిథియం లోహంతో సరిగ్గా అతకనివ్వనిది ఆ పొరే. మళ్లీ ఉపరితలమే! అణు వ్యర్థాలని బోరోసిలికేట్ గాజులో కరిగించి బంధించడం ఫ్రాన్స్‌లోని మార్కూల్‌లో 1978 నుంచే ఇండస్ట్రీ స్థాయిలో చేశారు, అక్కడ కూడా ప్రశ్న గాజు గట్టిదా కాదా అని కాదు, వేల ఏళ్లు నీళ్లు తగిలితే దాని పైపొర ఏమవుతుంది అని. అంత టెస్ట్ ఏ ల్యాబ్‌లోనూ చేయలేం కాబట్టి మధ్యధరా సముద్రం అడుగున మునిగిన ఓడలో సుమారు 1800 ఏళ్లు పడి ఉన్న రోమన్ గాజు దిమ్మల్ని తెచ్చి, వాటి పగుళ్ల అంచుల్ని కోసి చూశారు. ఇలాంటి పని కంపెనీ వాళ్లు వచ్చే క్వార్టర్ రిజల్ట్స్ చూసుకుంటూ చేయరు, అందుకే యూనివర్సిటీలు ఉండాలి.

ఇంకో బాధ కూడా ఇక్కడే చెప్పేస్తా. పర్యావరణం కోసం గాజు అని మాట్లాడేవాళ్లు గాజు తయారీ గురించే మర్చిపోతారు. మామూలు కిటికీ గాజు కరగాలంటే 1500 డిగ్రీలు దాటాలి, ఆ ఇంధనం పొగ ఒకటైతే, సున్నపురాయి, సోడా యాష్ కరిగేటప్పుడు వాటిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. సున్నపురాయి బరువులో 44 శాతం అదే. కరెంటు ఫర్నేస్ పెట్టినా ఈ రెండోది ఆగదు, కాంపోజిషన్ మార్చాలి, లేదంటే పాత గాజు ముక్కలు ఎక్కువ కలపాలి. పాత గాజు 10 శాతం కలిపితే కరిగించే ఎనర్జీ సుమారు 2.5 నుంచి 3 శాతం తగ్గుతుంది. కొత్త కాంపోజిషన్ నిజంగా అవసరమైన చోటు ఇది, కానీ కిటికీ గాజు అనగానే గ్లామర్ లేదని స్టూడెంట్లు పక్కన పెట్టేస్తారు.

మీరు చేరేముందు గైడ్‌ని కలిసి ఒక్కటి అడగండి, మీ ల్యాబ్‌లో ఒక శాంపిల్‌ని వేడిలో అన్నిటికంటే ఎక్కువకాలం ఎంతసేపు ఉంచారు అని. రెండు మూడు గంటలు అంటే టాపిక్ పేరు ఎంత బాగున్నా ఆలోచించుకోండి. నెలలు అంటే కళ్లు మూసుకుని చేరిపోండి. అలాగే ఫర్నేస్‌లు ఎన్ని ఉన్నాయి, డైలాటోమీటర్ (వేడికి ఎంత వ్యాకోచిస్తుందో కొలిచే పరికరం) సొంతదా, ఎక్స్‌ఆర్‌డీకి ఎన్నాళ్లు లైన్‌లో ఉండాలి అన్నవి కూడా అక్కడి సీనియర్లనే విడిగా అడగండి, వాళ్లు నిజం చెప్తారు.