పాఠకుల ప్రశ్నలు: డేటాబేసులో తెలుగు ఎక్కడ చెడుతోంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తెలుగు పేర్లను భద్రపరచడంలో వచ్చే చిక్కుల గురించే. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తం యూనికోడ్‌కే (ప్రపంచ లిపుల అక్షరాలకు ఒక్కో సంఖ్య ఇచ్చే ప్రమాణానికే) కేటాయించాం. హెక్స్ (పదహారు ఆధారంగా రాసే) సంఖ్యల్లోని ఇంగ్లిషు అక్షరాలను ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్ అని తెలుగులోనే రాస్తున్నాం.

ప్రశ్న: మా లాడ్జీలో గదుల బుకింగ్ ప్రోగ్రామ్ పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్‌తో నడుస్తుంది. సర్వర్ మార్చాక కొందరి పేర్లు వరస ప్రశ్నార్థకాలుగా, కొందరివి ఫ్రెంచి అక్షరాలు, డిగ్రీ గుర్తులు కలిసిన గజిబిజిగా కనిపిస్తున్నాయి. పాత పేర్లు తిరిగి వస్తాయా? (ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు: తెర మీద కనిపించేదాన్ని నమ్మి ఏ మరమ్మతూ మొదలుపెట్టకండి. ముందు టేబుల్‌కు పూర్తి బ్యాకప్ తీసుకోండి. తర్వాత సెలెక్ట్ వాక్యంలో పేరు కాలమ్‌ను హెక్స్ ఫంక్షన్‌లో పెట్టి చూడండి. హెక్స్ ఫలితంలో వచ్చేవి అంకెలు, ఇంగ్లిషు అక్షరాలే కాబట్టి కనెక్షన్ సెట్టింగు దాన్ని పాడుచేయలేదు. లోపల నిజంగా ఏ బైట్లున్నాయో అదే చెబుతుంది.

'తిరుపతి' అనే మాట తీసుకుందాం. మొదటి అక్షరం 'త' సరిగా ఉంటే ఈ0 బీ0 ఏ4 అని మూడు బైట్లు కనబడతాయి. సీ3 ఏ0 సీ2 బీ0 సీ2 ఏ4 అని ఆరు కనిపిస్తే డేటా రెండుసార్లు ఎన్‌కోడ్ అయింది, అంటే యుటిఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) బైట్లను ఎవరో లాటిన్1 (పశ్చిమ యూరప్ భాషల పాత అక్షర పట్టిక) అనుకుని మళ్లీ యుటిఎఫ్-8గా మార్చారు. ఇది బాగుపడుతుంది. 3ఎఫ్ 3ఎఫ్ 3ఎఫ్ అని వరసగా ఉంటే అవి నిజమైన ప్రశ్నార్థకాలే. ఒక్కో కోడ్ పాయింట్‌కు (యూనికోడ్ ఒక్కో అక్షరానికో, గుర్తుకో ఇచ్చే సంఖ్యకు) ఒకటి చొప్పున 'తిరుపతి'కి ఏడు ఉంటాయి. అసలు పేరు అక్కడ లేదు కాబట్టి పాత బ్యాకప్ నుంచో, కాగితం రిజిస్టరు నుంచో మళ్లీ ఎక్కించాల్సిందే. తెర మీద ప్రశ్నార్థకాలున్నా హెక్స్‌లో ఈ0 బీ0 కనబడితే మాత్రం డేటా క్షేమం, చెడింది కనెక్షన్ ఒక్కటే.

రెండుసార్లు ఎన్‌కోడ్ అయిన వరసలకు చికిత్స ఇది: కాలమ్‌ను లాటిన్1లోకి కన్వర్ట్ చేసి, ఆ ఫలితాన్ని బైనరీగా కాస్ట్ చేసి, దాన్ని యుటిఎఫ్8ఎంబీ4గా (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యుటిఎఫ్-8కు పేరు ఇది) కన్వర్ట్ చేయాలి. మూడింటినీ ఒకదానిలో ఒకటి పెట్టి ఒకే అప్‌డేట్ వాక్యంగా రాయవచ్చు. అయితే వేర్ షరతు (ఏ వరసలకు వర్తించాలో చెప్పేది) లేకుండా దీన్ని నడపకండి. సరిగా ఉన్న తెలుగు పేరు లాటిన్1లో పట్టదు, ఆ వరస కాస్తా అప్పుడే ప్రశ్నార్థకాలైపోతుంది. హెక్స్ విలువలో సీ3ఏ0సీ2బీ అనే వరస ఉన్నవాటికే అప్‌డేట్ వర్తించాలి. ఫలితాన్ని ముందు కొత్త కాలమ్‌లో రాయించి, కొన్ని పేర్లు కళ్లతో చూసి సరిపోల్చుకున్నాకే పాత కాలమ్ జోలికి వెళ్లండి. ఒకే గడిలో సగం మంచి తెలుగు, సగం చెడిన తెలుగు ఉంటే దాన్ని చేత్తో దిద్దుకోవడమే మేలు.

ఇదే పని పైథాన్‌లో చేయబోయి చాలామంది మధ్యలో ఆగిపోతారు. కారణం తెలుగు బైట్లలోనే ఉంది. విండోస్-1252 (సీపీ1252 అన్నా ఇదే) పట్టికలో 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ అనే ఐదు స్థానాలు ఖాళీ. మన ఉకారం గుర్తు 81తో, పొల్లు 8డీతో ముగుస్తాయి. ఏ, ఐ, ఝ అక్షరాలు వరసగా 8ఎఫ్, 90, 9డీతో ముగుస్తాయి. 'చిత్తూరు' అనే చిన్న మాటలోనే పొల్లూ, ఉకారమూ రెండూ ఉన్నాయి, కాబట్టి సీపీ1252 కోడెక్ (అక్షరాలనూ బైట్లనూ మార్చే భాగం) అక్కడ ఎర్రర్ ఇస్తుంది. పోనీ లాటిన్-1 కోడెక్ వాడదామంటే, 80తో ముగిసే ఈకారం గుర్తు చెడినప్పుడు యూరో గుర్తుగా మారుతుంది, అది లాటిన్-1లో లేదు. మైఎస్‌క్యూఎల్ లాటిన్1 అని పిలిచేది మాత్రం ఆ ఐదు ఖాళీలనూ పూరించిన విండోస్-1252. అందుకే ఈ మరమ్మతు డేటాబేసులోనే చేయమంటున్నాం. పైథాన్‌లోనే చేయక తప్పదంటే ఎఫ్‌టీఎఫ్‌వై లైబ్రరీలోని స్లాపీ-విండోస్-1252 కోడెక్ ఈ ఖాళీలను దాటిస్తుంది.

ఇంకో సందర్భం కూడా ఉంది. హెక్స్‌లో ఈ0 బీ0 సరిగా ఉంది, కానీ కాలమ్ లాటిన్1 అని ప్రకటించి ఉంది. అప్పుడు నేరుగా యుటిఎఫ్8ఎంబీ4కు కన్వర్ట్ చేయమంటే మంచి డేటా రెండుసార్లు ఎన్‌కోడ్ అవుతుంది. ముందు కాలమ్‌ను వార్‌బైనరీగా (ఉత్త బైట్ల రకంగా), ఆ తర్వాత యుటిఎఫ్8ఎంబీ4 వార్‌చార్‌గా, ఇలా రెండు అంచెల్లో మార్చండి.

మళ్లీ చెడకుండా ఉండాలంటే పీడీఓ (పీహెచ్‌పీని డేటాబేసుతో కలిపే భాగం) కనెక్షన్ వాక్యంలోనే చార్‌సెట్ యుటిఎఫ్8ఎంబీ4 అని రాయండి. ఉత్త యుటిఎఫ్8 అని రాయవద్దు. మైఎస్‌క్యూఎల్‌లో ఆ పేరు మూడు బైట్ల వరకే పట్టే పాత రకానిది. తెలుగు అందులో ఇమిడిపోతుంది కానీ, ఎవరైనా పేరు పక్కన ఎమోజీ పెడితే 1366 ఎర్రర్ వస్తుంది. విండోస్‌లో డంప్ (డేటాబేసు ప్రతి ఫైలు) తీసేటప్పుడు పవర్‌షెల్ 5.1లో బాణం గుర్తుతో ఫైల్లోకి మళ్లించారంటే అది యుటిఎఫ్-16 ఫైలవుతుంది, తిరిగి ఎక్కించేటప్పుడు తంటా. రిజల్ట్-ఫైల్ ఆప్షన్ వాడండి.

ప్రశ్న: మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి తోతాపురి కాయలు తోలే రైతుల జాబితా ఒరాకిల్‌లో పెట్టాం. ఊరి పేరుకు 30 అక్షరాలు ఇచ్చినా 'శ్రీకాళహస్తి' పట్టడం లేదు. ఐదు అక్షరాల మాటే కదా? (ఒక పాఠకురాలు, చిత్తూరు)

జవాబు: మీకు వచ్చింది 12899 ఎర్రర్ అయి ఉండాలి, అందులో అసలు పొడవు 36, గరిష్ఠం 30 అని కూడా కనబడుతుంది. మనిషి కంటికి ఐదు అక్షరాలే. యూనికోడ్ లెక్కలో శ, పొల్లు, ర, ఈకారం, క, ఆకారం, ళ, హ, స, పొల్లు, త, ఇకారం కలిసి పన్నెండు కోడ్ పాయింట్లు. తెలుగు కోడ్ పాయింట్లన్నీ యుటిఎఫ్-8లో మూడేసి బైట్లు తీసుకుంటాయి కాబట్టి మొత్తం 36 బైట్లు. ఒరాకిల్‌లో వార్‌చార్2(30) అంటే, సెట్టింగు మార్చకపోతే, 30 బైట్లని అర్థం. 30 చార్ అని స్పష్టంగా రాసి కాలమ్ మార్చండి. మామూలు సెట్టింగుల్లో ఆ కాలమ్‌కు పైన 4000 బైట్ల హద్దు ఎలాగూ ఉంటుంది, అంటే పొడవైన వివరణలకు 1333 తెలుగు కోడ్ పాయింట్లే దక్కుతాయి.

మిగతా చోట్ల లెక్క ఎలా ఉంటుందో తెలిసి ఉండటం మంచిది. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ వార్‌చార్‌లో కోడ్ పాయింట్లను లెక్కిస్తాయి. పైథాన్ లెన్ కూడా పన్నెండే ఇస్తుంది. జావా, జావాస్క్రిప్టు యుటిఎఫ్-16 యూనిట్లు లెక్కిస్తాయి, తెలుగుకు అవీ పన్నెండే. గో, రస్ట్ భాషల్లో లెన్ 36 ఇస్తుంది. పీహెచ్‌పీలో స్ట్ర్‌లెన్ 36, ఎంబీ_స్ట్ర్‌లెన్ 12. కంటికి కనిపించే లెక్క కావాలంటే గ్రాఫీమ్ ఫంక్షన్లు వాడాలి. అందులోనూ మెలిక ఉంది: 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 వరకు 'స్తి'ని రెండు ముక్కలుగా, 'శ్రీ'ని రెండు ముక్కలుగా లెక్కించేవారు. అందుకే పాత లైబ్రరీ 'శ్రీకాళహస్తి'కి ఏడు చెబుతుంది, కొత్తది ఐదు చెబుతుంది.

కాలమ్‌లో పట్టలేదని బైట్ల లెక్కన మాత్రం కోయకండి. 20 బైట్ల దగ్గర కోస్తే 'శ్రీకా' అయ్యాక 'ళ' అక్షరంలో మూడింట రెండు బైట్లు మిగిలి, చివర నల్లటి వజ్రంలో ప్రశ్నార్థకం కనబడుతుంది. పోస్ట్‌గ్రెస్ అయితే ఆ ముక్కను లోపలికే రానివ్వదు.

ప్రశ్న: ఎం.సి.ఏ. ప్రాజెక్టులో తెలుగు వ్యాసాల నుంచి మాటలు విడదీస్తున్నాను. పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో డబ్ల్యూ ప్లస్ వాడితే 'తిరుపతి' మూడు ముక్కలవుతోంది. (ఒక విద్యార్థిని, తిరుపతి)

జవాబు: మీకు త, ర, పత అని వస్తున్నాయి కదూ. పైథాన్‌తో వచ్చే రీ మాడ్యూల్ దృష్టిలో గుణింతం గుర్తులూ, పొల్లూ అక్షరాలు కావు, అవి మార్కులు. అందుకే వాటి దగ్గర మాట తెగిపోతుంది. ఇదే కారణంగా 'తిరుపతి'కి ఈజ్‌ఆల్ఫా (అన్నీ అక్షరాలేనా అని చూసే ఫంక్షన్) కూడా ఫాల్స్ అంటుంది. పేరులో అక్షరాలే ఉండాలి అని దానితో తనిఖీ పెట్టిన ఫారాలన్నీ తెలుగు పేర్లను తిప్పికొడుతున్నాయి. తప్పు పేరుది కాదు, తనిఖీది. పైథాన్‌లో రీ బదులు రీజెక్స్ అనే మాడ్యూల్ విడిగా ఇన్‌స్టాల్ చేసుకోండి, అందులో డబ్ల్యూ మార్కులను కూడా కలుపుకుంటుంది. జావాస్క్రిప్టులో అయితే యూ ఫ్లాగ్ పెట్టి, లెటర్, మార్క్ అనే రెండు యూనికోడ్ వర్గాలనూ కలిపి రాయాలి. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనబడని జోడింపు నిరోధక గుర్తు, యు+200సీ, ఉంటుంది. దాన్ని కూడా అనుమతించిన జాబితాలో చేర్చండి.

ప్రశ్న: కలంకారీ చీరల ఆర్డర్లలో 'చెన్నై' అని వెతికితే కొన్ని దొరకడం లేదు. కంటికి మాత్రం అన్నీ ఒకేలా ఉన్నాయి. (ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి)

జవాబు: ఐకారం గుర్తును రెండు విధాలుగా రాయవచ్చు: యు+0సీ48 అనే ఒకే కోడ్‌గా, లేదా ఎకారం యు+0సీ46, కింది గుర్తు యు+0సీ56 కలిపి. తెలుగు పట్టికలో ఇలా విడిపోయేది ఇదొక్కటే. పైథాన్, జావాస్క్రిప్టు ఈ రెండింటినీ వేరువేరు మాటలుగానే చూస్తాయి. డేటా లోపలికి వచ్చే చోటే ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ (ఒకే అక్షరపు వేర్వేరు రూపాలను ఒకే రూపంలోకి తేవడం) చేయండి, వెతికే మాటకూ అదే చేయండి.

ఎన్‌ఎఫ్‌సీ పట్టుకోలేనివి రెండున్నాయి. సున్న (అనుస్వారం) బదులు తెలుగు అంకె సున్నా, యు+0సీ66, టైపు చేసిన పేర్లు ఒకటి. 'కాణిపాకం' చివర అంకె పడితే ఏ వెతుకులాటకూ దొరకదు. తెలుగు అక్షరం పక్కన ఒంటరిగా ఆ అంకె కనబడితే సున్నగా మార్చే నియమం రాసుకోండి. రెండోది ఇందాకటి యు+200సీ. చూపించే పేరులో దాన్ని ఉంచండి, వెతకడానికి అది తీసేసిన ప్రతిని వేరే కాలమ్‌లో పెట్టి ఇండెక్స్ వేయండి.

ప్రశ్న: ప్రెస్సులో అను ఫాంట్లతో కొట్టిన పాత ఫైళ్లను డేటాబేసులోకి ఎక్కిస్తే ఇంగ్లిషు అక్షరాల గోల కనబడుతోంది. ఏ ఎన్‌కోడింగ్ ఎంచుకోవాలి? (ఒక పాఠకుడు, పుత్తూరు)

జవాబు: ఏ ఎన్‌కోడింగ్ ఎంచుకున్నా రాదు. ఆ ఫైళ్లలో ఉన్నవి తెలుగు కోడ్‌లు కావు, ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో దాచిన తెలుగు ముక్కల బొమ్మలు. ఆ ఫాంటుకు సరిపోయే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మధ్యలో వచ్చే అసలైన ఇంగ్లిషు మాటలు, ఫోన్ నంబర్లు మార్పిడిలో చెడతాయి కాబట్టి వాటిని ముందే వేరు చేయండి. మార్చాక వత్తులున్న మాటలనూ, 'ఘ', 'మ', 'య' ఉన్న మాటలనూ తప్పకుండా చదివి చూడండి. ఆ తర్వాత ఎన్‌ఎఫ్‌సీ చేయడం మరవద్దు.

ప్రశ్న: పాల సొసైటీ లెక్కల సీఎస్‌వీ ఫైలు ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు చెడిపోతోంది, నోట్‌ప్యాడ్‌లో బాగుంది. (ఒక పాఠకుడు, పలమనేరు)

జవాబు: ఫైలు మొదట ఈఎఫ్ బీబీ బీఎఫ్ అనే మూడు బైట్ల గుర్తు లేకపోతే రెండుసార్లు నొక్కి తెరిచినప్పుడు ఎక్సెల్ దాన్ని విండోస్ పాత కోడ్ పేజీగా చదువుతుంది. పైథాన్‌తో రాస్తుంటే ఎన్‌కోడింగ్ దగ్గర యుటిఎఫ్-8-సిగ్ అని పెట్టండి. అదే ఫైలును తిరిగి చదివేటప్పుడూ యుటిఎఫ్-8-సిగ్ వాడాలి. లేకపోతే ఆ గుర్తు మొదటి కాలమ్ శీర్షికకు కనబడకుండా అంటుకుని, 'సభ్యుని పేరు' అనే కాలమే లేదని ప్రోగ్రామ్ మొరాయిస్తుంది.