పాఠకుల ప్రశ్నలు: సరిహద్దు ఇళ్లలో తెలుగు సీరియళ్లు

ప్రశ్న: మేము తరతరాలుగా ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో ఉంటున్న తెలుగువాళ్లం. గత నెల రోజులుగా మా ఇంట్లో చూసిన కార్యక్రమాల గురించి రాస్తున్నాను. మా అత్తగారు విడవకుండా చూసే తెలుగు సీరియల్‌లో రేపేం జరగబోతోందో పక్కింటి మావుసీ మేడమెట్ల దగ్గరే చెప్పేస్తున్నారు. ఆ కథను ఆవిడ హిందీలో ఎప్పుడో చూసేశారట. పైగా, సోమవారం కోడలి చేతిలోంచి జారిన హారతి పళ్లెం గురువారానికి గానీ నేలను తాకలేదు. 'పాడుతా తీయగా'ను మాత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. ఒడియా బడిలో చదివే మా అమ్మాయికి తెలుగు చదవడం రాదు గనుక, నచ్చిన పాట పల్లవిని విని ఒడియా లిపిలో రాసుకుంటోంది. ఒకే కథను ఇన్ని భాషల్లో ఎందుకు తిప్పుతున్నారు? ఇంతగా ఎందుకు సాగదీస్తున్నారు? మా వంటివారి మాట చానళ్లకు చేరే దారి ఏదైనా ఉందా?
– ఒక గృహిణి, బరంపురం

జవాబు: మీ పొరుగావిడ జోస్యం ఫలించడంలో వింతేమీ లేదు. 'కార్తీక దీపం'కు మలయాళంలోని 'కరుత్తముత్తు' మూలం. బెంగాలీలోని 'శ్రీమోయీ' తెలుగులో 'ఇంటింటి గృహలక్ష్మి'గా, హిందీలో 'అనుపమా'గా వచ్చింది. ఒక భాషలో జనం ఆదరించిన కథ అయితే నష్టభయం తక్కువని చానళ్ల లెక్క. కథను అరువు తెచ్చుకోవడాన్ని నేను తప్పు పట్టను గానీ, ఆ ఇంటి మర్యాదలను, అలకలను, పండుగలను మన ఇళ్లకు తగినట్టు మలచుకోకుండా పేర్లు మాత్రమే మార్చి సరిపెట్టుకోవడం బద్ధకమే.

సాగదీతకు కారణం వేరు. గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదన్న నియమం ప్రకారం చూసినా, అరగంట సీరియల్‌కు మిగిలేది 24 నిమిషాలు. అందులో నిన్నటి చివరి ఘట్టం మళ్లీ వస్తుంది. ఆపైన పళ్లెం జారినప్పుడు గదిలో ఉన్న ప్రతి ముఖాన్నీ కెమెరా విడివిడిగా, ఒక్కోదాన్ని రెండేసిసార్లు పలకరించి రావాలి. ఏ కార్యక్రమాన్ని ఎంతమంది చూస్తున్నారో లెక్కగట్టే బార్క్ సంస్థ వారం వారం ప్రకటించే రేటింగు నిలకడగా ఉన్నంతకాలం కథను ముగించాలన్న తొందర ఎవరికీ ఉండదు.

మీ మూడో ప్రశ్నకు మూలం ఆ రేటింగులోనే ఉంది. బార్క్ తెలుగు చానళ్ల స్థానాలను ఆంధ్రప్రదేశ్, తెలంగాణలను కలిపిన మార్కెట్టును బట్టి ప్రకటిస్తుంది. ఒడిశా వేరే మార్కెట్టు. అందువల్ల బరంపురంలోనో, పర్లాకిమిడిలోనో ఎన్ని ఇళ్లు తెలుగు సీరియల్ చూసినా, చూడడం మానేసినా, ఆ పట్టికలో చానల్ స్థానం కదలదు. మీ అత్తగారు ఆ చానల్‌కు ఎంత నమ్మకమైన ప్రేక్షకురాలైనా, ఆ లెక్కలో ఆవిడ లేనట్టే.

అయితే చందా లెక్క వేరు. టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ అయిన ట్రాయ్ 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలు చేసిన నిబంధనల ప్రకారం, చందా కట్టి చూసే ప్రతి పే చానల్‌నూ విడిగా ఎంచుకోవచ్చు. దాని గరిష్ఠ ధరను చానల్ యాజమాన్యం ప్రకటించాలి. ఎంతమంది చందాదారులు ఎంచుకున్నారన్న దాన్ని బట్టి చానల్‌కు డబ్బు చేరుతుంది గనుక, బరంపురం ఇల్లు కూడా అక్కడ లెక్కలోకి వస్తుంది. "తెలుగు కావాలంటే మొత్తం ప్యాకేజీ తీసుకోవాల్సిందే" అని మీ కేబుల్ ఆపరేటరు అంటే ఒప్పుకోకండి. నెల మొత్తంలో ఇంటిల్లిపాదీ కలిసి చూసింది ఆ పాటల కార్యక్రమమే అయితే, ఈటీవీని ఉంచి, అత్తగారి అనుమతి దొరికితే, ఆ సీరియల్ వచ్చే చానల్‌ను తీయించండి.

1996లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ప్రారంభించిన ఆ కార్యక్రమాన్ని, 2020లో ఆయన మరణించిన తర్వాత కుమారుడు చరణ్ అందుకున్నారు. పాటకు ముందు కవినీ, స్వరకర్తనూ తలచుకుని, పాట అయ్యాక ఉచ్చారణలోని తప్పును పిల్లలు నొచ్చుకోకుండా దిద్దడం బాలు అలవాటు చేసిన పద్ధతి. తెలుగు బడి లేని చోట పెరుగుతున్న పిల్లకు ఒత్తులూ, పొల్లులూ చెవిన పడే చోటు అది. మీ అమ్మాయి ఒడియా లిపిలో రాసుకున్న పల్లవుల పక్కనే వాటిని తెలుగులో మీరు రాసిపెట్టండి. తనకు కంఠతా వచ్చిన పాట గనుక అక్షరాలను తానే పోల్చుకుంటుంది.