కడుపు జబ్బుకు రోజూ వైన్ తాగమని పౌలు చెప్పాడా?

ప్రశ్న: నా వయసు 54. మాది గుంటూరు దగ్గర. ఆరేళ్లుగా షుగర్‌కి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. మూడు నెలలుగా అన్నం తిన్నాక ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు. అమెరికా నుంచి వచ్చిన మా బావగారు రెడ్ వైన్ సీసా ఇచ్చి, రోజూ ఒక గ్లాసు తాగితే గుండెకు మంచిదన్నారు. కడుపు జబ్బుకు కొంచెం పుచ్చుకోమని బైబిల్లో పౌలే తన శిష్యుడు తిమోతికి రాశాడు కదా అంటున్నారు. మేం బాప్టిస్టు సంఘానికి వెళ్తాం. మా ఆవిడ ససేమిరా వద్దంటోంది. తాగవచ్చా?

జవాబు: వద్దండీ, ఆ సీసా మూత తీయకండి. మీ ఆవిడ మాట వినండి.

నేనూ సండే స్కూల్లో పెరిగినవాణ్ణే. ఆ వచనం నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. తిమోతి అప్పుడు ఎఫెసులో ఉన్నాడు. నీళ్లు తప్ప ఇంకేమీ ముట్టడం లేదు, తరచూ జబ్బు పడుతున్నాడు. ఆ కాలంలో వైన్‌లో నీళ్లు కలుపుకుని తాగడం మామూలు. గాయాల మీద కూడా పోసేవారు. యేసు చెప్పిన కథలో మంచి సమరయుడు దెబ్బలు తిన్నవాడి గాయాల మీద నూనెతో పాటు పోసింది అదే కదా. చేతిలో ఉన్న మందును పౌలు ఒక రోగికి చెప్పాడు, అదీ ‘కొంచెం’ అని. ఆరోగ్యంగా ఉన్నవాళ్లంతా గుండె కోసం రోజూ తాగాలని చెప్పలేదు. ఇప్పుడు గాయానికి వైన్ పోసి కట్టు కట్టమంటే మీరు ఒప్పుకుంటారా?

తెలుగు బైబిల్లో ‘ద్రాక్షారసం’ అని ఉంది కాబట్టి అది పులియని రసమేనని కొందరు అంటారు. గ్రీకులో ఉన్న ‘ఓయినోస్’ అనే మాటకు మామూలు అర్థం వైనే. దాన్ని దాచాల్సిన పని లేదు. సంఘాల పద్ధతులు వేరు వేరుగా ఉన్నాయి. కాథలిక్కుల పూజలో పులిసిన ద్రాక్షారసమే వాడతారు. మెథడిస్టులు, బాప్టిస్టులు చాలాచోట్ల పులియనిదే వాడతారు. ఆ రసం పులవకుండా నిలవ చేసే పద్ధతిని 1869లో థామస్ వెల్చ్ అనే అమెరికా మెథడిస్టు పళ్ల డాక్టర్ ఇందుకోసమే కనిపెట్టాడు. తాగడం పాపమా కాదా అన్నది మీ పాస్టర్ గారితో మాట్లాడుకోండి. మందుగా పనికొస్తుందా అన్నదే నేను చెప్పగలను. పనికిరాదు.

గుండె సంగతికొస్తే, 1991లో అమెరికా టీవీలో ఫ్రెంచివాళ్ల రెడ్ వైన్ గురించి ఒక కార్యక్రమం వచ్చాక ఈ నమ్మకం బాగా పాకింది. తర్వాత లెక్కలు జాగ్రత్తగా చూస్తే తేడా బయటపడింది. ‘తాగనివాళ్ల’ జాబితాలో జబ్బు చేసి మానేసినవాళ్లు కూడా ఉన్నారు. కొంచెం తాగేవాళ్లలో చాలామందికి డబ్బు, మంచి తిండి, వ్యాయామం ఉన్నాయి. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎంత తక్కువ తాగినా క్షేమం అనడానికి లేదని చెప్పేసింది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లతో మద్యానికి సంబంధం ఉంది. వైన్‌కు మినహాయింపు లేదు.

ఒక గ్లాసే కదా అంటారు. 12 శాతం వైన్ 150 మి.లీ.లో సుమారు 14 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 30 మి.లీ. విస్కీలో ఉండేది 10 గ్రాములే. మీ ఇంట్లో స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోసి కొలిచి చూడండి, 200 దాటవచ్చు.

మీ విషయంలో నాకు అసలు భయం గ్లిమిపిరైడ్ గురించి. సాయంత్రం వైన్ తాగి, ఆకలి లేదని అన్నం మానేస్తే అర్ధరాత్రి షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబడటం మొదలవుతాయి. ఇంట్లోవాళ్లు మత్తు అనుకుని పడుకోనిస్తారు. అక్కడే ప్రాణం మీదికి వస్తుంది. పైగా వైన్ కడుపులో ఆమ్లాన్ని పెంచుతుంది, అన్నవాహిక కింద ఉండే కవాటాన్ని వదులు చేస్తుంది. అంటే మీ మంట ఇంకా పెరుగుతుంది.

చర్చిలో బల్లారాధనప్పుడు ఇచ్చే గుక్కెడు ద్రాక్షారసం గురించి టెన్షన్ పడకండి.

రాత్రి భోజనం పడుకునే మూడు గంటల ముందే ముగించండి. మంచం తలవైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టి కాస్త ఎత్తు చేయండి. ఈ వయసులో కొత్తగా మొదలైంది కాబట్టి ఒకసారి గ్యాస్ట్రో డాక్టర్‌కు చూపించుకోండి. బరువు తగ్గినా, ముద్ద దిగకపోయినా, మలం నల్లగా వచ్చినా ఆలస్యం చేయవద్దు. షుగర్ ఉన్నవాళ్లకు గుండె నొప్పి కూడా గ్యాస్ మంటలాగే అనిపించవచ్చు. నడిచినప్పుడు, మెట్లు ఎక్కినప్పుడు మంట వస్తోందా గమనించండి. వస్తుంటే ఈ వారంలోనే ఈసీజీ తీయించుకుని గుండె డాక్టర్‌ను కలవండి. కూర్చున్నా తగ్గకపోయినా, చెమటలు పట్టినా, ఏ వేళైనా సరే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.