సోషియాలజీ ఎంఏతో అమెరికాలో ఎత్నిక్ స్టడీస్ పీహెచ్‌డీకి అప్లై చేయొచ్చా? ఎస్‌ఓపీలో (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఏం పరిశోధిస్తారో, ఎందుకో చెప్పే వ్యాసంలో) ఏం రాయాలి?

నిక్షేపంగా చేయొచ్చండి. ఎత్నిక్ స్టడీస్ అంటే జాతి, వలస, వివక్షల చరిత్రనూ వర్తమానాన్నీ కలిపి చదివే సబ్జెక్టు. నేను లిటరేచర్ నుంచి వచ్చాను. నాతో పాటు చేరినవాళ్లలో చరిత్ర చదివినవాళ్లు, లా చదివినవాళ్లు కూడా ఉన్నారు. డిగ్రీ పేరు దగ్గర ఎవరూ ఆగరు. మీ పరిశోధన ప్రశ్నకు సోషియాలజీ ఒక్కటే ఎందుకు చాలడం లేదో ఎస్‌ఓపీలో కనబడాలి, అంతే.

నేను రాసింది అమెరికాలో దక్షిణాసియా వాళ్ల మధ్య కులం గురించి. 1923లో, పంజాబ్ నుంచి వలస వెళ్లిన భగత్ సింగ్ థిండ్ అమెరికా పౌరసత్వం కేసు అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అగ్రకులస్థుణ్ణి, ఆర్యుణ్ణి కాబట్టి తెల్లవాడి కిందే లెక్క అని వాదించి ఓడిపోయాడు. సరిగ్గా వందేళ్లకు, 2023లో, సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అలాంటి బిల్లునే అదే ఏడాది కాలిఫోర్నియా గవర్నర్ వీటో చేశాడు. ఈ రెండు కొసలనూ కలపాలంటే కోర్టు తీర్పులు చదవాలి, వలస చరిత్ర తెలియాలి, ఇప్పటి మనుషులతో కూర్చుని మాట్లాడాలి. ఏ ఒక్క డిపార్ట్‌మెంటూ ఇవన్నీ నేర్పదు. నా ఎస్‌ఓపీ మొత్తం ఈ ఒక్క మాట చుట్టూనే తిరిగింది.

ఇంకో సంగతి. ఎత్నిక్ స్టడీస్ అనే ఈ సబ్జెక్టు విద్యార్థుల సమ్మెలోంచి పుట్టింది. 1968 నవంబరు నుంచి 1969 మార్చి దాకా శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో నల్లజాతి విద్యార్థులు, ఆసియన్, చికానో (మెక్సికన్ మూలాలున్న), నేటివ్ అమెరికన్ విద్యార్థులు కలిసి పోరాడితే వచ్చింది. బర్క్‌లీలోనూ 1969లో అలాగే జరిగింది. అప్లికేషన్లు చదివేవాళ్లకు ఆ చరిత్ర కొట్టినపిండి. 'భిన్నత్వం అంటే నాకు ఇష్టం' లాంటి వాక్యాలు వాళ్ల ముందు తేలిపోతాయి. మన సమాజం గురించి మాత్రమే రాసి ఊరుకున్నా కష్టమే. నల్లజాతి వాళ్ల చరిత్రతో, నేటివ్ అమెరికన్ల చరిత్రతో మీ ప్రశ్న ఎక్కడ ముడిపడుతుందో ఒక పేరాలోనైనా చెప్పాలి.

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లలో బర్క్‌లీ, శాన్‌డియాగో, రివర్‌సైడ్ మూడింట్లోనూ ఎత్నిక్ స్టడీస్ పీహెచ్‌డీ ఉంది. యూఎస్‌సీలో (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా) దాని పేరు అమెరికన్ స్టడీస్ అండ్ ఎత్నిసిటీ. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు మామూలుగా ఎస్‌ఓపీతో పాటు పర్సనల్ హిస్టరీ స్టేట్‌మెంట్ లాంటిది ఇంకోటి విడిగా అడుగుతాయి. ఇంటి పరిస్థితులు, చదువుకు పడ్డ పాట్లు అన్నీ దాంట్లోకి వెళ్లాలి. మనవాళ్లు ఎస్‌ఓపీనే బాల్యంతో మొదలుపెట్టి, రీసెర్చి దగ్గరికి వచ్చేసరికి పేజీ అవగొడతారు!

రైటింగ్ శాంపిల్‌కు మీ థీసిస్‌లో బాగా వచ్చిన ఒక అధ్యాయం తీసి, విడిగా చదివినా అర్థమయ్యేలా సరిచేయండి. సిఫార్సు ఉత్తరాలు పెద్ద హోదా ఉన్నవాళ్ల కంటే మీ రాతలు చదివినవాళ్లు ఇస్తేనే మేలు. గడువులు ఎక్కువగా డిసెంబరులోనే ఉంటాయి. జీఆర్‌ఈ చాలాచోట్ల తీసేశారు, అయినా మీరు అప్లై చేసే ఏడాది డిపార్ట్‌మెంట్ వెబ్‌పేజీ చూసుకోండి.

డబ్బు విషయానికొస్తే, పీహెచ్‌డీకి మామూలుగా ఫీజు వాళ్లే భరించి, పైన స్టైపెండ్ ఇస్తారు, బదులుగా టీఏ (టీచింగ్ అసిస్టెంట్) పని చేయాలి. ఎంఏకి చాలామటుకు సొంత డబ్బే. అందుకే 'ముందు ఎంఏ చేసి చూద్దాం' అనుకోవద్దని నా అభిప్రాయం. మీకు ఇప్పటికే ఒక ఎంఏ ఉందిగా.

మీ థీసిస్ దేనిమీదో కింద రాయండి, ఏ డిపార్ట్‌మెంటుకు నప్పుతుందో చెబుతాను.