బ్రిటిష్ నాణేల ధరల గైడ్ ఎలా తయారు చేయాలి? ఏటా ధరలు ఎలా సరిచేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ: మీరు లెస్టర్‌లో ఉంటున్నారు. మీ కలెక్టర్ మిత్రుల కోసం విక్టోరియా కాలం నుంచి ఇప్పటి 50 పెన్స్ నాణేల దాకా ఒక ధరల గైడ్ తయారు చేసి, ఏటా సరిచేయాలనుకుంటున్నారు. కానీ ఆన్‌లైన్‌లో ఒక్కో నాణేనికి పది రకాల ధరలు కనబడుతున్నాయి, ఏది రాయాలో తెలియడం లేదు. నేను ఇంగ్లండ్‌లోనే ఒక నాణేల డీలర్ దగ్గర, ఏటా వచ్చే ధరల పుస్తకం మీద కొన్నేళ్లు పనిచేశాను. మొదట్లో డేటా ఎక్కించేవాణ్ణి. తర్వాత 1860 నుంచి 1970 దాకా వచ్చిన కంచు పెన్నీల పేజీలు నా చేతికి ఇచ్చారు. కాబట్టి ఎక్కువగా పెన్నీల ఉదాహరణలతోనే చెబుతాను.

మీ గైడ్‌లో ధర అంటే ఎవరి ధర? అన్నిటికంటే ముందు ఇది తేల్చుకోండి. డీలర్ మన దగ్గర కొనే ధర ఒకటి, మనకు అమ్మే ధర ఇంకొకటి, వేలంలో పలికేది మరొకటి. మేము వేసేది డీలర్ అమ్మే ధర, అంటే ఒక కలెక్టర్ షాపులోనో ఫెయిర్‌లోనో చెల్లించే మొత్తం. ఆ సంగతి మొదటి పేజీలోనే పెద్ద అక్షరాల్లో ఉండేది. ఉండి తీరాలి. లేకపోతే తాతగారి నాణేల డబ్బా పట్టుకొచ్చిన మనిషి పుస్తకంలో 100 పౌండ్లు చూసి, షాపులో 60 అనేసరికి మోసం చేస్తున్నారనుకుంటాడు. ఆ తేడాలో షాపు అద్దె ఉంది, జీతం ఉంది, నెలల తరబడి అమ్ముడుపోని సరుకు ఉంది.

వేలం ఫలితాలు చాలా విలువైన సమాచారం. స్పింక్, నూనన్స్ లాంటి లండన్ సంస్థలు పాత వేలాల ధరలను ఆన్‌లైన్‌లో పెడతాయి. అయితే అక్కడ సాధారణంగా కనిపించేది సుత్తి పడిన ధర, అంటే వేలంలో చివరి పాట. దాని మీద కొనుగోలుదారు కమిషన్ ఉంటుంది, ఆ కమిషన్ మీద వ్యాట్ ఉంటుంది. 500 పౌండ్ల దగ్గర సుత్తి పడిందనుకోండి. కమిషన్ 24 శాతమైతే 120, దాని మీద 20 శాతం వ్యాట్ 24. కొన్నవాడి జేబులోంచి పోయింది 644. మీరు టేబుల్‌లో 500 అని ఎక్కిస్తే మీ గైడ్ మొత్తం తక్కువ చూపిస్తుంది. ప్రతి అమ్మకానికీ ఈ రెండు అంకెలూ వేర్వేరు గడుల్లో రాసుకోండి, ఎందుకంటే సంస్థను బట్టి కమిషన్ మారుతుంది.

ఇక ఈబే. అందులో అడుగుతున్న ధరల వైపు అసలు చూడకండి, అమ్ముడైనవి మాత్రమే చూసే ఫిల్టర్ పెట్టుకోండి. అందులో కూడా బేరమాడి కొన్నవాటికి కొట్టేసినట్టు కనిపించే అంకె అసలు అమ్మిన ధర కాదు. క్యూ గార్డెన్స్ బొమ్మ ఉన్న 50 పెన్స్ నాణెం దీనికి మంచి ఉదాహరణ. 2009లో 2,10,000 మాత్రమే చలామణిలోకి వచ్చాయి. ఆ సంగతి పేపర్లకెక్కాక ఎవరికి తోచిన ధర వాళ్లు పెట్టారు, ఆ అడిగిన ధరలనే మళ్లీ పేపర్లు వార్తలుగా రాశాయి. తర్వాత 2019 సంవత్సరం వేసి అదే డిజైన్‌ను రాయల్ మింట్ (బ్రిటన్ నాణేలు అచ్చువేసే ప్రభుత్వ సంస్థ) కలెక్టర్ల సెట్లలో మళ్లీ తెచ్చింది. ఇప్పుడు 2009దీ 2019దీ కలగాపులగంగా అమ్ముతుంటారు. పైగా 2024లో రాయల్ మింట్ ప్రకటించిన లెక్క ప్రకారం 2023 అట్లాంటిక్ సాల్మన్ చేప బొమ్మ ఉన్న 50 పెన్స్ నాణేలు 2,00,000 మాత్రమే, అంటే క్యూ కంటే తక్కువ. ఇలాంటి ప్రకటన వచ్చిన మొదటి వారాల ధరను గైడ్‌లోకి ఎక్కించకూడదు. కనీసం ఆరు నెలలు ఆగి, వేడి తగ్గాక అమ్ముడైనవి చూడాలి. డెసిమల్ నాణేల, అంటే పౌండుకు 100 పెన్స్ పద్ధతిలో వచ్చినవాటి, పేజీల్లో మేము అందరికంటే వెనకబడే ఉండేవాళ్లం, అది సరైన పద్ధతే అని నా నమ్మకం.

ధర కంటే కష్టమైనది గ్రేడ్, అంటే నాణెం ఎంత అరిగిందన్న కొలత. గైడ్‌కు గుండెకాయ అదే. బ్రిటిష్ పద్ధతిలో ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్, అన్‌సర్క్యులేటెడ్ అని, బాగా అరిగినదాని నుంచి కొత్తదాని దాకా, నాలుగు కాలమ్‌లు పెడితే సరిపోతుంది. అమెరికన్ 70 పాయింట్ల స్కేలుతో గ్రేడ్ చేసి ప్లాస్టిక్ పెట్టెలో మూసిన నాణేల అమ్మకాలు కూడా మీకు తగులుతాయి. అక్కడ ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్ అన్నది మన బ్రిటిష్ డీలర్ చేతిలో వెరీ ఫైన్ దాటి ఎంతో పైకి పోదు. అలాంటి అమ్మకాన్ని ఫొటో చూసి మీరే మళ్లీ గ్రేడ్ చేసుకుని సరైన కాలమ్‌లో వేయాలి. పేరు చూసి వేస్తే రెండు కాలమ్‌లూ చెడిపోతాయి.

ఐదవ జార్జి పెన్నీనే తీసుకోండి. 1911 నుంచి 1926 దాకా వచ్చిన వాటిలో రాజు బొమ్మ బాగా ఎత్తుగా ఉంటుంది. అచ్చు పడేటప్పుడు లోహమంతా అటు లాగేయడంతో వెనకవైపు ఉన్న బ్రిటానియాకు (బ్రిటన్‌కు గుర్తుగా వేసే స్త్రీ బొమ్మ) సరిపోదు. అందుకే చాలా నాణేల్లో బ్రిటానియా ముఖం, రొమ్ము చదునుగా కనిపిస్తాయి, వెనక రాజు తల ఆకారం లీలగా తేలుతుంది కూడా. కొత్తవాళ్లు అది చూసి బాగా అరిగిందనుకుని ఫైన్ అంటారు. నాణేన్ని దీపం కింద పట్టుకుని మెల్లగా తిప్పండి. చదునుగా ఉన్నచోట కూడా అచ్చయినప్పటి మెరుపు తెగకుండా పరుగెడితే అది అరుగుదల కాదు, అచ్చు బలహీనంగా పడింది. రాజు చెవి పైన జుట్టు పాయలు విడివిడిగా కనిపిస్తున్నాయా చూడండి. కనిపిస్తే అది ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్ కావచ్చు. 1926లో బొమ్మను కాస్త మార్చారు, 1928 నుంచి తల చిన్నది చేశారు, అక్కడితో ఈ సమస్య తగ్గింది. ఆ 1926 మార్పు బొమ్మ పెన్నీ చాలా అరుదు. కాబట్టి 1926కి ఒక వరస సరిపోదు, రెండు పెట్టాలి. ఇలాంటి ఒక్కో పేజీ మీద ఒక్కో చిన్న గ్రేడింగ్ వివరణ రాస్తే మీ గైడ్ పది రెట్లు పనికొస్తుంది.

మింటేజ్, అంటే ఎన్ని అచ్చువేశారన్న సంఖ్య, చూసి ధర ఊహించడం మరో పొరపాటు. 1951లో పెన్నీలు 1,20,000 మాత్రమే అచ్చువేశారు. అవి ఎక్కువగా బెర్ముడా వెళ్లాయి. తక్కువ సంఖ్య అని అప్పుడే తెలియడంతో జనం కొత్తవి కొత్తగానే దాచుకున్నారు. 1919లో బర్మింగ్‌హామ్‌లోని హీటన్, కింగ్స్ నార్టన్ అనే రెండు ప్రైవేటు సంస్థలు కలిసి 50 లక్షలకు పైగా పెన్నీలు వేశాయి. సంవత్సరానికి ఎడమ పక్కన చిన్నగా హెచ్ అని గానీ, కేఎన్ అని గానీ ఉంటుంది. వాటిని ఎవరూ పట్టించుకోలేదు, దాదాపు అన్నీ అంగళ్లలో అరిగిపోయాయి. ఇప్పుడు అన్‌సర్క్యులేటెడ్ స్థితిలో కావాలంటే 1919 కేఎన్ ధర 1951 ధరకు ఎన్నో రెట్లు. మామూలు ఫైన్ స్థితిలో అయితే లెక్క తలకిందులు. అందుకే ఎన్ని అచ్చువేశారన్నది ఒక కాలమ్‌లో ఇవ్వండి కానీ దాన్నిబట్టి ధర వేయకండి.

విలువైన లోహమున్న పేజీలకు వేరే పద్ధతి కావాలి. చలామణికి వేసిన బ్రిటిష్ వెండి నాణేల్లో 1919 దాకా 92.5 శాతం, 1920 నుంచి 1946 దాకా 50 శాతం వెండి ఉంది, 1947 నుంచి అసలు లేదు. హాఫ్ క్రౌన్ అనే నాణెం బరువు 14.14 గ్రాములు, కాబట్టి 1920 నుంచి 1946 దాకా వచ్చిన దాంట్లో 7.07 గ్రాముల శుద్ధ వెండి ఉంటుంది. అరిగిపోయిన నాణెం ధర ఆ వెండి విలువ కంటే కిందికి దిగదు. 2025 అక్టోబరులో బంగారం ఔన్సు 4,000 డాలర్లు, వెండి 50 డాలర్లు దాటాయి. అలాంటి ఏడాది ఫైన్ కాలమ్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. పై గ్రేడ్‌లు మాత్రం అదే నిష్పత్తిలో లేవవు, ఎందుకంటే వాటిని కొనేవాడు వెండి కోసం కొనడు. అన్ని కాలమ్‌లకూ ఒకే శాతం కలిపే గైడ్ కనిపిస్తే దాన్ని నమ్మకండి. బంగారు, వెండి పేజీల పైన, ఈ ధరలు వేసిన రోజు గ్రాము ఎంత ఉందో తప్పక రాయండి. చదివేవాళ్లు తమ రోజు రేటుతో సరిచూసుకుంటారు.

సావరిన్ అనే బ్రిటిష్ బంగారు నాణెంలో 7.32 గ్రాముల శుద్ధ బంగారం. ఇక్కడ మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఇంట్లో జార్జి కాసు ఉంది, గైడ్‌లో ఉన్న ధర వస్తుందా అని. మన ఇళ్లలో పాత సావరిన్‌లకు చాలావాటికి కొక్కెం అతికించో, బెజ్జం వేసో గొలుసుకు, కాసులపేరుకు వాడారు. కొక్కెం తీసేసినా అంచు మీద టంకం మచ్చ కనిపిస్తుంది. అలాంటివాటికి బంగారం విలువే తప్ప కలెక్టర్ ధర రాదు. మచ్చ లేనిది ఉంటే వెనకవైపు బొమ్మలో గుర్రం కాళ్ల కింద నేల గీత మీద, సంవత్సరానికి పైన, ఏదైనా చిన్న అక్షరం ఉందేమో చూడండి. ఐ అని ఉంటే అది 1918 తేదీతో బొంబాయిలో అచ్చయింది. ఆ ఒక్క తేదీతోనే వేశారు, దాదాపు 12.95 లక్షలు. మీ గైడ్‌లో సావరిన్‌లకు సంవత్సరంతో పాటు మింట్ అక్షరానికీ విడి వరస పెట్టాలన్నది ఇందుకే.

ఏటా సరిచేసే పని గురించి. ఒక అమ్మకానికి ఒక వరస చొప్పున షీట్ పెట్టుకోండి: తేదీ, నాణెం, మింట్ గుర్తు, అమ్మినవాళ్ల గ్రేడ్, మీ గ్రేడ్, సుత్తి ధర, చెల్లించిన మొత్తం, లోపాలు. ఆ చివరి గడి చాలా ముఖ్యం. పాలిష్ పెట్టినవి, అంచు దెబ్బతిన్నవి, రసాయనంతో కడిగినవి సగటులో కలిపితే అంకెలన్నీ పాడవుతాయి. సగటు కంటే మధ్య విలువ తీసుకోవడం మంచిది. ఇద్దరు పట్టుదలగా పోటీ పడితే ఒక వేలంలో ధర మూడింతలు కావచ్చు, మరుసటి నెల అదే గ్రేడ్ మామూలు ధరకే పోతుంది. మేము ఒక ధర మార్చాలంటే వేర్వేరు చోట్ల జరిగిన కనీసం మూడు అమ్మకాలు ఒకే వైపు చూపించాలి. అవి లేకపోతే పాత అంకె అలాగే ఉండేది. తర్వాత ఆ పేజీలను ఇద్దరు ముగ్గురు డీలర్లకు పంపేవాళ్లం. బర్మింగ్‌హామ్ పక్కన నేషనల్ మోటార్‌సైకిల్ మ్యూజియంలో జరిగే నాణేల ఫెయిర్‌కి మీకు లెస్టర్ నుంచి వెళ్లిరావడం తేలిక. అక్కడ బల్లల మీద ఏవి ఉదయమే అమ్ముడవుతున్నాయి, ఏవి ప్రతిసారీ అక్కడే కూర్చున్నాయి అన్నది గమనించండి. ఈ సమాచారం ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు.

పెంచడం అందరికీ ఇష్టమే, తగ్గించాల్సి వచ్చినప్పుడే ఒత్తిడి వస్తుంది. సరుకు ఉన్నవాళ్లు ఒప్పుకోరు. నా మటుకు నేను, గైడ్ నిజాయితీ తగ్గించిన ధరల్లోనే తెలుస్తుందంటాను. 1965 చర్చిల్ బొమ్మ ఉన్న క్రౌన్ నాణేలు దాదాపు 2 కోట్లు వేశారు. వెండి లేదు, ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంది. అది పెద్ద నిధి అనుకుని ఫోన్ చేసే ముసలివాళ్లతో మాట్లాడటం బాధగా ఉండేది, అయినా ఒకటి రెండు పౌండ్లని పుస్తకంలో స్పష్టంగా వేయడమే వాళ్లకు మేలు. అలాగే అమ్మకాలు చాలా అరుదుగా జరిగేవాటికి ధర కల్పించకండి. 1933 పెన్నీ, ఒకే ఒక్కటి తెలిసిన 1954 పెన్నీ లాంటివాటికి అంకె వేయడం అర్థం లేని పని. ఎడ్వర్డ్ 8 బొమ్మతో ఉన్న 1937 సావరిన్ 2020 జనవరిలో 10 లక్షల పౌండ్లకు అమ్ముడైంది. అలాంటి చోట ధర కాలమ్ ఖాళీగా వదిలి, ఆ అమ్మకం, దాని తేదీ కింద రాస్తే చాలు.

ఇతరుల గైడ్ నుంచి ధరలు ఎత్తుకొచ్చి అటూ ఇటూ మార్చి వేయకండి. అది తప్పు, పైగా వాళ్ల పాత అంకెలు మీ పుస్తకంలో కూడా పాతుకుపోతాయి. కేటలాగ్ నంబర్లు వాడాలన్నా, రాయల్ మింట్ డిజైన్ల బొమ్మలు వేయాలన్నా ముందే అనుమతి అడగండి, డిజైన్లకు కాపీరైట్ ఉంది.

విక్టోరియా నుంచి ఇప్పటిదాకా అన్నీ ఒకేసారి పెట్టుకోవద్దు. మొదటి ఏడాది 1902 నుంచి 1970 దాకా పెన్నీలు మాత్రమే తీసుకోండి. ఎక్కువ భాగం చవకగా దొరుకుతాయి, చేతిలో పట్టుకుని గ్రేడింగ్ నేర్చుకోవచ్చు, అమ్మకాలు వారం వారం జరుగుతాయి కాబట్టి డేటాకు కొదవ లేదు. 1923, 1924, 1925 లాంటి కొన్ని సంవత్సరాలతో పెన్నీలు లేవు, ఆ వరసలు పెట్టకండి. షీట్ మొదలుపెట్టాక ఒక 30, 40 అమ్మకాలు ఎక్కించి, ఫొటోల లింకులతో ఇక్కడే పెట్టండి. మీ గ్రేడ్‌లు, నా గ్రేడ్‌లు పక్కపక్కన వేసి చూద్దాం.