డీఎస్సీ రాయాలా, కౌన్సెలర్ అవ్వాలా?

ప్రశ్న: బీఎస్సీ, బీఈడీ చేశాను. మందసలో ఒక ప్రైవేటు హైస్కూల్లో నాలుగేళ్లుగా సైన్సు చెబుతున్నాను. పిల్లలు పాఠాలకన్నా ఇంటి గొడవలే నాతో ఎక్కువ చెప్పుకుంటారు. ఎనిమిదో తరగతి కుర్రాడు ఒకడున్నాడు. వాళ్ల నాన్న డయాలసిస్‌కి పలాస వెళ్తుంటాడు. మొన్న ఇంటర్వెల్‌లో వచ్చి "నాకూ వస్తుందా టీచర్?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు. సైకాలజీ చదివి స్కూల్ కౌన్సెలర్ అవ్వాలనుంది. నాన్నేమో డీఎస్సీ రాయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ నాన్నగారి మాటలో లెక్క ఉందమ్మా. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేశారు. అందులో కౌన్సెలర్ పోస్టు ఒక్కటీ లేదు. కేంద్రీయ విద్యాలయాలు కౌన్సెలర్లను తీసుకుంటాయి గానీ కాంట్రాక్టు మీద, ఏడాదికేడాది. మామూలుగా డిగ్రీలో సైకాలజీ, ఆపైన కౌన్సెలింగ్ డిప్లొమా అడుగుతాయి. మీ బీఎస్సీతో అక్కడ గుమ్మం దగ్గరే ఆగిపోతారు.

అలాగని దారి మూసుకుపోలేదు. విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వంద మంది, అంతకుమించి పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలంది. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇప్పించమంది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దని కూడా అంది. (ఆ మాట మన దగ్గర ఎన్ని స్కూళ్ల చెవిన పడిందో మీకే తెలుసు.) తీర్పు వచ్చిందని మీ కరస్పాండెంట్ రేపే ఇంకో జీతం పెట్టుకుంటారని నేననుకోను. కానీ తప్పనిసరైన రోజున ఆయన వెతికేది రెండు పనులూ వచ్చిన మనిషినే. పాఠమూ చెప్పాలి, పిల్లల మాటా వినాలి.

అందుకే డీఎస్సీ వదలొద్దు. దాంతోపాటు ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా చూడండి. ముఖ్యంగా టీచర్ల కోసం పెట్టిన కోర్సు. మొత్తం ఏడాది. ఆరు నెలలు ఇంటి దగ్గరే చదువుకోవచ్చు, మూడు నెలలు క్యాంపస్‌లో ఉండాలి, చివరి మూడు నెలలు మన ఊళ్లో ఇంటర్న్‌షిప్. పలాసలో రైలెక్కితే భువనేశ్వర్ ఒక పూట ప్రయాణం, ఈ కోర్సు అక్కడా ఉంది. కానీ రాష్ట్రాల లెక్కలో మనం మైసూరు కేంద్రం కిందికి వస్తాం. ఆ మూడు నెలలకు మీ స్కూలు సెలవిస్తుందో లేదో ముందే అడిగి పెట్టుకోండి.

దూరవిద్యలో సైకాలజీ ఎం.ఏ. అని ఎవరైనా ఫీజు కట్టమంటే మాత్రం కట్టకండి. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ చెప్పకూడదని యూజీసీ ఆపేసింది. పీజీ చేయాలంటే రెగ్యులర్‌గానే, అంటే రెండేళ్లు ఉద్యోగం మానాలి. మనకు దగ్గర్లో ఆంధ్రా యూనివర్సిటీలో ఈ విభాగం ఎప్పటినుంచో ఉంది. అయితే ఆ పీజీతోనే క్లినికల్ సైకాలజిస్టు అయిపోరు. దానికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన కోర్సు, రిజిస్ట్రేషన్ వేరే ఉంటాయి. మీరు చెప్పినదాన్నిబట్టి మీకు కావలసింది బడి, ఆసుపత్రి కాదు.

కోర్సు వచ్చేదాకా ఆగని పని ఒకటుంది, పిల్లలు రేపు కూడా మీ దగ్గరికొస్తారు. నేను ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక అమ్మాయి చెప్పిన సంగతి స్టాఫ్‌రూమ్‌లో నోరుజారాను. మంచికే చెప్పాననుకున్నాను. సాయంత్రానికి క్లాసంతా తెలిసింది. ఆ పిల్ల మళ్లీ నా మొహం చూడలేదు. కాబట్టి విన్నది మీ దగ్గరే ఉండాలి. అలాగని "ఎవరికీ చెప్పను" అని ఒట్టు మాత్రం వేయకండి. చచ్చిపోవాలనుందని పిల్లలు అంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు ఇంట్లోవాళ్లకు చెప్పాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. లైంగిక వేధింపు సంగతి బయటపడితే పోలీసులకు చెప్పడం పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. హెడ్మాస్టరు "స్కూలు పరువు" అన్నా సరే. తోడు కావాలంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది.

ఇక ఆ కుర్రాడు. "ఛ, నీకెందుకొస్తుందిరా" అనకండి. ఊరూరా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో పుట్టినవాడు, ఆ మాట నమ్మడు. ఈ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు, అదే చెప్పండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయిస్తే ఇప్పుడు ఎలా ఉన్నాడో తెలుస్తుందనీ చెప్పండి. ఆ తర్వాత మీరొక ప్రశ్న అడగండి: "నాన్న పలాస వెళ్లిన రోజు ఇంట్లో ఎవరుంటార్రా?" వాడి భయం కిడ్నీ గురించే కాకపోవచ్చు. చెల్లికి అన్నం ఎవరు పెడతారు, అప్పు ఎవరు తీరుస్తారు, తను బడి మానాలా అన్నది కావచ్చు. మానేస్తాడేమో అన్న అనుమానం ఏమాత్రం తగిలినా, ఈ వారంలోనే వాళ్ల అమ్మగారిని కలవండి. డయాలసిస్ రోజున వెళ్లకండి.