పిండి మరకు జనరేటర్ కొనాలా?

ప్రశ్న: మాది గంజాం జిల్లా బరంపురం. ఇంటి ముందు గదిలో 10 హెచ్‌పీ మోటారుతో పిండి మర నడుపుతున్నాను. సాయంత్రం ఆరు దాటితే 415 ఉండాల్సిన వోల్టేజి 360కి పడిపోతోంది. మోటారు ఒకసారి కాలిపోయింది కూడా. బంగారం తాకట్టు పెట్టి 2 లక్షలతో డీజిల్ జనరేటర్ కొందామనుకుంటున్నాను. సోలార్ మేలని మా అబ్బాయి అంటున్నాడు. ఏది మంచిది?

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దండి. బంగారాన్ని బీరువాలోనే ఉండనివ్వండి.

12 శాతం వడ్డీ అనుకుంటే 2 లక్షలకు నెలకు 2,000 రూపాయలు. అసలు దెబ్బ అది కాదు, డీజిల్. చిన్న జనరేటర్ లీటరుకు మూడు, మహా అయితే మూడున్నర యూనిట్లు ఇస్తుంది. లీటరు 90 రూపాయలనుకున్నా యూనిట్ 26 నుంచి 30 దాకా పడుతుంది. మీ కరెంటు బిల్లులోని ధర పక్కన ఈ అంకె రాసి చూడండి. కిలోకు ఇంతని కూలి తీసుకునే మరకు ఇది గిట్టుబాటు కాదు.

సాయంత్రం వీధిలోని లైట్లు, కూలర్లు, ఏసీలు అన్నీ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద పడతాయి. అప్పుడే మీ మోటారు కూడా సుమారు 10 కేవీఏ (ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే భారాన్ని కొలిచే లెక్క) లాగుతుంది. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ అయితే అందులో పదో వంతు మీదే! వోల్టేజి తగ్గేకొద్దీ మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. తీగలో కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. నొచ్చుకోకండి, ఈ నష్టం అనుభవిస్తున్నదీ మీరే, దానికి కారణమైనవాళ్లలోనూ మీరున్నారు.

అందుకే ముందు వేళ మార్చండి. సాయంత్రం డబ్బాలు తీసుకుని పేరు రాసి పెట్టుకోండి, మర్నాడు పది నుంచి నాలుగు మధ్య ఆడించి సాయంత్రానికి ఇవ్వండి. అలా వదిలి వెళ్లేవారికి కిలోకు ఒక రూపాయి తగ్గించండి. గోధుమలు, శనగపప్పు, మిరపకాయలు ఒక రాత్రి ఆగుతాయి. అరిసెలకు నానబెట్టిన తడి బియ్యం ఆగదు. దానికి మాత్రం సాయంత్రం అరగంట కేటాయించండి, ఒడియా ఇళ్లవారికీ పండగల్లో అదే కావాలి.

రేపు బిల్లులోనూ ఇది కలిసి రావచ్చు. స్మార్ట్ మీటరు ఉన్నవారికి సోలార్ వేళల్లో, అంటే ఎండ ఉండే పగటి వేళల్లో, ధర కనీసం 20 శాతం తక్కువగా, రద్దీ వేళల్లో వ్యాపార కనెక్షన్లకు కనీసం 20 శాతం ఎక్కువగా ఉండాలని కేంద్రం 2023 జూన్‌లో నిబంధనలు సవరించింది. ఆ వేళలను నిర్ణయించేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. మీ కనెక్షన్‌కు ఏది వర్తిస్తుందో కరెంటు వాళ్ల సెక్షన్ ఆఫీసులో అడగండి.

ఖర్చు పెట్టాలనుకుంటే మోటారు లైను నుంచి లాగే కరెంటును తగ్గించే, దానికి సరిపడే కెపాసిటర్, తక్కువ వోల్టేజిలో ఆపేసే రిలే పెట్టించండి. మోటారు రీవైండింగ్‌తో పోలిస్తే చిన్న ఖర్చే.

ఇక అబ్బాయి మాట. ఇళ్లపై సోలార్ పెట్టుకునే కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల కేంద్ర రాయితీ ఉంది, కానీ అది ఇంటి కనెక్షన్‌కే, మరకు కాదు. పైగా బ్యాటరీ లేని సోలార్, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. ఈ మాట అమ్మేవాళ్లు సాధారణంగా చెప్పరు. ఇంటి బిల్లు తగ్గించుకోవడానికైతే తర్వాత ఆలోచించవచ్చు.

పదిహేను రోజులు సాయంత్రం ఏడు గంటలకు మర ఆపి ఉంచి, వోల్టేజి రాసుకోండి. అప్పటికీ 360 దగ్గరే ఉంటే లోపం మీ మరది కాదు, లైనులోనో ట్రాన్స్‌ఫార్మర్‌లోనో ఉన్నట్టు. ఆ కాగితం జతచేసి, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం పెంచమని సెక్షన్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి.